బాకీ వసూలుకొచ్చినోని నవ్వు

2024 మే నెలలో ఒక ఫోటో పేపర్లల్ల, సెల్‌ఫోన్లల్ల బాగ తిరిగింది. హైదరాబాదు శివారు తుర్కయాంజాల్‌లో కడుతున్న ఒక ఇంటికాడ డెబ్బై ఏండ్లు దాటిన మనిషి కూలిపని చేస్తున్నడు. ఆయన దర్శనం మొగిలయ్య. కిన్నెర మొగిలయ్య అంటె ఎక్కువ మందికి ఎరుక. పాత పాలమూరు జిల్లా, ఇప్పటి నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంట ఆయన ఊరు. కులం డక్కలి. 12 మెట్ల కిన్నెర వాయించేటోళ్లు ఇగ వేళ్ల మీద లెక్కపెట్టేటంత మందే మిగిలిన్రు, వాళ్లల్ల ఆయన ఒకడు. 2021 సెప్టెంబరులో వచ్చిన ‘భీమ్లా నాయక్’ పాట మొదట్ల వినపడే గొంతు ఆయనదే. 2022లో పద్మశ్రీ వచ్చింది. రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు, ఇంటి జాగ ప్రకటించింది. రెండేండ్లు దాటినంక ఈ ఫోటో.

ఫోటో కింద మూడు రకాల రాతలు చూసినం. ‘అయ్యో పాపం, పద్మశ్రీకి ఎంత గతి పట్టింది’ అన్నది ఒకటి. ‘ఇచ్చిన కోటి ఏం చేసిండట’ అన్నది ఇంకొకటి. మూడోది అన్నిటికంటె ఎక్కువమందికి నచ్చింది. ఈ వయసుల కూడ తలవంచని మనిషి, మొహం మీద నవ్వు చెదరలేదు, చిన్న కష్టానికే కుంగిపోయే మనకు ఆయన బతుకొక పాఠం అన్నది దాని సారం.

మొదటి రెండింటికి జవాబు చెప్పుడు అల్క. కోటి సంగతి ఆయనే చెప్పుకున్నడు. పిల్లల పెండ్లిళ్లకు, ఇంటి జాగకు అయిపోయింది, నెలకు 10 వేల గౌరవ భృతి ఆగిపోయింది. సినిమా హీరోను ‘నీ కోట్లు ఏం చేసినవు’ అని ఎవరూ అడగరు. డక్కలాయనను మాత్రం అందరూ అడుగుతరు. లెక్క అడుగుడు ఈ దేశంల ఎప్పుడూ కింది దిక్కే పారుతది. ఆ ముచ్చట ఇంతటితో ఇడిసిపెడుదాం. మా పేచీ మూడో రాతతోని. దాంట్ల తిట్టు లేదు, జాలి కూడ లేదు, మెచ్చుకోలే ఉన్నది. మెచ్చుకోలును విమర్శకు పెట్టుడు అందరికీ ఇబ్బంది గనుకనే అది ఇన్నేండ్లు తప్పించుకుంట వచ్చింది.

కష్టాలల్ల నవ్వే మనిషి కథను ఒక సాహిత్య ప్రక్రియ లెక్క చూడాలని మా ప్రతిపాదన. దానికి లక్షణాలున్నయి, ఒక నిర్మాణం ఉన్నది, స్థిరపడిన పాఠకులున్నరు. ఆదివారం అనుబంధాలల్ల, టీవీ ఛానెళ్లల్ల, ఇప్పుడు ఫోన్ల వీడియోలల్ల అది రోజూ పుడుతనే ఉంటది. తొంభై ఏండ్లకు కూరగాయల గంప మోసే అవ్వ, కాళ్లు లేకున్నా దుకాణం నడిపే తమ్ముడు, పూట గడవకున్నా పాట మరవని తాత. 1990ల నుంచి తెలుగులో వ్యక్తిత్వ వికాసం పేరు మీద కుప్పలు తెప్పలుగ వచ్చిన పుస్తకాలు ఈ ప్రక్రియకు నేల సాఫు చేసినయి. యండమూరి వీరేంద్రనాథ్ ‘విజయానికి ఐదు మెట్లు’ ఇల్లిల్లూ తిరిగిన కాలమది. ఐదు మెట్లు ఎక్కితె విజయం దొరుకుతదని నమ్మిన సమాజానికి 12 మెట్ల కిన్నెర చేతబట్టుకొని కూలికి పోయేటాయన ఎదురు కావడం దానికదే ఒక వ్యాఖ్యానం.

ఈ కథలను వరుసబెట్టి చదివితె ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనపడ్తది. కథంతా ‘అయినా’ అనే ఒక్క మాట మీద నిలబడి ఉంటది. ఆకలి ఉంది, అయినా నవ్వుతున్నడు. వయసు మీద పడింది, అయినా కష్టపడుతున్నది. ఆ మాట తీసేస్తె కథ కూలిపోతది. ‘అయినా’ చేసే పని ఏంది? ఇవతలి కష్టానికి, అవతలి నవ్వుకు నడుమ ఉన్న తొవ్వను తెంపుతది. నవ్వు కష్టంల నుంచి రాలేదు, కష్టానికి సంబంధం లేని ఒక మంచి గుణం వల్ల వచ్చింది అని చెప్తది.

రెండో సంగతి వ్యాకరణానిది. ఈ కథలల్ల కష్టానికి కర్త ఉండడు. ‘పేదరికం వెంటాడింది’, ‘విధి వెక్కిరించింది’, ‘వృద్ధాప్యం కమ్ముకుంది’ అని రాస్తరు. పేదరికానికి కాళ్లుంటయి, విధికి నోరుంటది. భూమి గుంజుకున్న మనిషికి, కూలి ఎగ్గొట్టిన మేస్త్రీకి, ఫైలు తొక్కిపట్టిన ఆఫీసుకు మాత్రం పేరుండదు. కష్టం వాన లెక్క పైనుంచి పడ్తది. వానకు ఎవరి మీద కోపం రావాలె? గొడుగు పట్టుకొని నవ్వాలె, అంతే.

మా ఇండ్లల్ల ‘సానుకూల దృక్పథం’ అన్న మాట లేదు. ‘ఆశావాదం’ కూడ లేదు. ఉన్న మాటలు వేరు. సావు ఇంట్ల ‘గుండె దిటం చేసుకో’ అంటరు. కాలం కాని ఏడు ‘పానం గట్టి చేసుకోవాలె’ అంటరు. ఈ మాటలల్ల ‘చేసుకొనుడు’ అనే క్రియ ఉన్నది. దిటం అన్నది పుట్టుకతోని వచ్చే గుణం గాదు, చేసుకునే పని. అది ఒంటరిగ చేసుకునే పని కూడ గాదు. ఆ మాట అనేటందుకు పక్కన ఒక మనిషి కూసుండాలె. సావయిన ఇంట్ల పొయ్యి ముట్టియ్యరు. పక్కింటోళ్లు వండిన కూడు తెచ్చి, బలవంతంగ రెండు ముద్దలు పెట్టుకుంట అనే మాట ‘దిటం చేసుకో’. అంటె దిటానికి ఒక గంజి కుండ ఉన్నది, మోసుకొచ్చిన చేతులున్నయి. పేపర్ల వచ్చే చిరునవ్వు ఫోటోల ఆ చేతులు ఎప్పుడూ కనపడవు. ఫోటో ఆ మనిషిని ఒక్కన్ని చేసి చూపెడ్తది, ఒక్కడైతేనే ‘స్ఫూర్తి’ గనుక.

పాలమూరుల ఇంకొక మాట కూడ ఉన్నది, బాకీ. పాలమూరు లేబర్ అంటె దేశమంత ఎరుక. నాగార్జునసాగర్, శ్రీశైలం మొదలు ఎక్కడెక్కడి ఆనకట్టల మట్టి మోసింది ఈ జిల్లా మనుషులే. ఊర్లకు నీళ్లు రాలేదు గని ఊర్ల నుంచి మనుషులు నీళ్ల లెక్క పారిపోయిన్రు. బొంబాయికి, పూణెకు బస్సులు నిండిపోయినయి. ఈ వలసల పని కంటె ముందు వచ్చేది అడ్వాన్సు. మేస్త్రీ గుంపును కుదుర్చుకునేటప్పుడు ముందే పైసలిస్తడు. ఆ పైసలు పాత అప్పుకు, బియ్యానికి, పెండ్లికి పోతయి. ఇగ ఏడాదంత ఒళ్లు దాని కింద జమ. పిల్లలను ముసలోళ్ల మీద ఇడిసిపెట్టి వయసోళ్లు పోతరు. అందుకే ఈ ఊర్లల్ల ముసలితనం అంటె కూసుండి తినుడు గాదు. మనుమడికి తల్లీ తండ్రీ అయ్యి, రేషన్ లైన్ల నిలబడి, కొడుకు పంపే పైసల కోసం ఎదురుచూసుకుంట ఇల్లు నిలబెట్టుడు. ఎట్లున్నవవ్వా అని అడిగితె ‘ఇగో గిట్లున్న, కండ్లు కనపడ్తలేవా’ అని నవ్వుతది. ఆ నవ్వు అడిగినోని మీదికి వచ్చే నవ్వు. దాన్ని స్ఫూర్తి అని రాసుకున్నోడు దెబ్బ తగిలినా తెలవనోడు.

ఈ అప్పుల సీమల బాకీ అన్న మాటను తలకిందులు చేసినోళ్లు డక్కలోళ్లు. కిన్నెర నవ్వు తెలవాలంటె ఇది తెలవాలె.

డక్కలోళ్లు మాదిగల ఆశ్రిత కులం. చిందోళ్లు, బైండ్లోళ్లు, మాష్టీలు ఇట్ల కొన్ని కులాలు మాదిగలను ఆనుకొని ఉన్నయి. డక్కలోళ్లు మాదిగ ఇండ్లనే అడగాలె. ఇంకొకల్ల ఇంటికి పొయ్యి చెయ్యి చాపరు. వాడకు వచ్చి జాంబ పురాణం చెప్తరు, వంశాలు, గోత్రాలు చదువుతరు, పటం పరిచి చూపెడ్తరు. దానికి మాదిగలు ఇచ్చేది భిక్ష గాదు. దానికి త్యాగం అని పేరు. అది వాళ్ల హక్కు. ఎగ్గొట్టేటందుకు లేదు. ఇయ్యకుంటె తిడుతరు, అలుగుతరు, వాడకట్టు ముంగట నవ్వులపాలు చేస్తరు. దాత గౌరవం అడిగేటోని నోట్ల ఉంటది. కాబట్టి వాడకు వచ్చిన డక్కలాయన నవ్వుకుంట వస్తడు. తనకు రావాల్సింది తీసుకపోను వచ్చినోని నవ్వు అది. బయటినుంచి చూసేటోనికి అడుక్కునేటోడు కనపడ్తడు. లోపలి లెక్కల ఆయన అప్పిచ్చినోడు. మన వంశం పేరును తన నాలుక మీద దాచిపెట్టినోడు, ఆ దాచినదానికి ఏడాదికొకసారి కిరాయి వసూలు చేసేటోడు.

కిన్నెరను చూడున్రి. ఒక వెదురు బొంగు, కింద మూడు సొరకాయ బుర్రలు, బొంగు మీద మెట్లు, కొస మీద ఒక కట్టె పిట్ట. మెట్లు ఒకప్పుడు అలుగు పెంకులతోని చేసి తేనె మైనంతోని అతికిచ్చేటోళ్లు. గుర్రపు ఎంట్రుకల తీగెలు పొయ్యి లోహం తీగెలు వచ్చినయి. ఎవరో పారేసినయి, అడివి ఇచ్చినయి, చేను ఇచ్చినయి కూడబెట్టి చేసిన వాద్యం. జయధీర్ తిరుమలరావు వంటి పరిశోధకులు ఊరూరు తిరిగి ఇట్లాంటి ఆది వాద్యాలను వెతికి తేకుంటె మన విశ్వవిద్యాలయాలకు వీటి పేర్లు కూడ తెలిసేవి గావు. దాని మీద పాడే కథలల్ల పాలమూరుకు బాగ దగ్గరిది పండుగ సాయన్న కథ. సాయన్న 19వ శతాబ్దం చివరి కాలంల ఈ జిల్లాల తిరిగిన మనిషి. ఉన్నోళ్లను దోసి లేనోళ్లకు పెట్టిండని జనం నమ్మకం. సర్కారు, పెద్దలు కలిసి ఆయనను చంపిన్రు.

సావుతోని ముగిసే కథ ఇది. పుస్తకాల లెక్క ప్రకారం విషాదాంతం. కాని కిన్నెర మీద అది విషాదం లెక్క నడవదు. పాట నడుమ మాట, మాట నడుమ ఎకసెక్కం, ముంగట కూసున్నోని పేరు తీసుకొని ఒక పొగడ్త, ఒక పోటు, మల్ల కథ. మొగిలయ్య పాడుతుంటె విన్నోళ్లకు ఇది ఎరుకే. ఆయన ఆర్టీసీ బస్సు మీద పాట కట్టింది కూడ ఈ వరుసలనే. 2021ల ఆర్టీసీ ఆయనకు ఉచిత బస్సు పాసు ఇచ్చింది. పేపర్లు దాన్ని ముచ్చటగ రాసినయి. మేము దాన్ల డక్కలి శాస్త్రాన్ని చూస్తున్నం. పేరు తీసి పాడిండు, త్యాగం వసూలు చేసిండు. దాత మాదిగ ఇంటి నుంచి ఆర్టీసీకి మారిండు, అంతే. సాయన్న కథ కూడ ఇట్లనే నడుస్తది. సాయన్న పంచుడు మొదలు పెట్టిండు, పూర్తి చేయనియ్యలేదు. మిగిలింది బాకీ. బాకీ ఉన్నన్ని దినాలు కథకు ఏడుపు ముగింపు ఉండదు, ఎందుకంటె అప్పు ఇంకా రద్దు కాలేదు. మనం ఆశ అని పిలుస్తున్నది, కిన్నెర భాషల, ఇంకా కొట్టెయ్యని పద్దు.

వయసు సంగతి కూడ జాంబ పురాణంల వేరేగ ఉంటది. నేల పుట్టక ముందు పుట్టినోడు జాంబవుడు అని దాని మూలవాక్యం. దేవతలకంటె పెద్దోడు, అందరికంటె ముసలోడు, అందుకనే అందరికంటె ముందటోడు. ఇక్కడ ముసలితనం ఓర్చుకునేది గాదు, చూపిచ్చి అడిగేది. ‘ఈ వయసుల కూడ’ అని పత్రిక రాస్తె, ‘ఈ వయసు ఉన్నది గనుక’ అని పురాణం చెప్తది. మేము ఈ పురాణాన్ని చరిత్ర అంటలేము. చరిత్ర పుస్తకంల జాగ దొరకని జనం వయసునే పట్టా కాయితం చేసుకున్న తీరును చూడుమంటున్నం.

ఇప్పుడు మా దిక్కు వేలు పెట్టుకోవాల్సిన చోటు వచ్చింది.

కారంచేడు, చుండూరు తర్వాత లేచిన దళిత సాహిత్యం ‘చిక్కనవుతున్న పాట’ (1995) నాటికి ఒక ప్రవాహమయ్యింది. దాన్ని కొలిచేటందుకు మేము, మా తోటి విమర్శకులు రెండు మాటలు వాడినం. ఆగ్రహం, వేదన. కవితల ఆగ్రహం ఉంటె ‘ధిక్కారం’ అన్నం, కథల వేదన ఉంటె ‘అస్తిత్వం’ అన్నం. అవి అవసరమే, ఆనాడు ఇంకా అవసరం. కాని నవ్వు వచ్చిన చోట పేజీ తిప్పినం. వేముల ఎల్లయ్య నల్లగొండ మాదిగ యాసల రాసిన ‘కక్క’ (2000) నవల మీద ఎన్ని వ్యాసాలు రాసినా భాష గురించి, వెట్టి గురించి రాసినం. ఆ యాసల ఉన్న తిట్లు, మేలమాడుడు, అన్నం లేని పూట కూడ ఆగని నోటి దూల గురించి ఎంత రాసినం? నవ్వితె అగ్రవర్ణపోడు ‘వీళ్లు సుఖంగనే ఉన్నరు’ అంటడని భయం. ఆ భయం ఉత్తది గాదు, పైన చెప్పిన ఫోటోనే దానికి సాక్ష్యం. కాని ఆ భయంతోని నవ్వును ఇడిసిపెట్టినం గనుకనే పత్రికలోళ్లు దాన్ని ఎత్తుకపొయ్యి ‘చిరునవ్వు’ చేసిన్రు. అమెరికా నల్లజాతి బ్లూస్ పాటకు కూడ ఇదే జరిగింది. ఒకరు దాన్ని ఏడుపన్నరు, ఒకరు కులాసా అన్నరు. పాడినోళ్లకు అది రెండూ గాదు. బ్లాక్ పాంథర్ల పేరు తీసుకొని 1972ల దళిత్ పాంథర్స్ పెట్టుకున్నం. వాళ్ల కోపం తెచ్చుకున్నం గని వాళ్ల నవ్వు చదువుడు తెచ్చుకోలేదు.

ఇది పాటకే పరిమితం అనుకోవద్దు. డిండి వాగు దాటి అవతలికి పోతె నల్లగొండ. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు దిక్కు వయసుకు లెక్కనే వేరు. ముప్పై ఏండ్లకే నడుము వంగినోళ్లు, మెడ తిప్పరానోళ్లు, దంతాలు గారపట్టిన పిల్లలు. బాయిలు ఎండి బోర్లు లోతుకు పోయినకొద్దీ ఫ్లోరైడ్ నీళ్లల్ల ఎక్కువయ్యింది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటొద్దన్నది ప్రమాణం. ఎండల కూలి చేసేటోడు ఎక్కువ నీళ్లు తాగుతడు, పాలు, గుడ్లు లేని తిండి తింటడు, అందుకని అదే నీళ్లు వాన్ని ఎక్కువ వంచుతయి. బొక్క కులం చూడదు గని బిందె చూస్తది. కొనుక్కొని తాగేటోడు, బోరింగు కాడ నింపుకునేటోడు ఒక్కటి గాదు. ఈ జిల్లా పేరు నీళ్ల శాస్త్రంల ‘నల్లగొండ పద్ధతి’గ నిలిచిపోయింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతోని ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నాగపూర్ నీరి సంస్థ పెట్టిన పేరది. పేరు ప్రపంచమంత పోయింది, నీళ్లు ఊరికి రాలేదు.

ఈ జనం ఆశ ఎట్లుంటదో 1996ల దేశం చూసింది. దుశ్చర్ల సత్యనారాయణ నాయకత్వంల జల సాధన సమితి పిలుపిస్తె నల్లగొండ లోక్‌సభ స్థానానికి మనుషులు నామినేషన్లు వెయ్యబట్టిన్రు. చివరికి 480 మంది పోటీల మిగిలిన్రు. బ్యాలెట్ కాయితం పుస్తకమంత అయ్యింది. పోలింగు వాయిదా పడ్డది. గెలిచింది బొమ్మగాని ధర్మభిక్షం, మిగిలినోళ్లల్ల దాదాపు అందరికీ ధరావతు పోయింది. పోతదని ఎరిగే కట్టిన్రు. ఇందుల ఒక పెద్ద ఎకసెక్కం ఉన్నది, గమనించున్రి. మీరు ఇచ్చిన ప్రజాస్వామ్యాన్నే తీసుకొని, దాని నియమాలు ఒక్కటి తప్పకుండ పాటించి, దాన్ని మొయ్యలేనంత బరువు చేసి మీ చేతుల పెట్టుడు. సర్కారుకు ఆ నవ్వు బాగనే అర్థమయ్యింది. అదే ఏడు చట్టం మార్చి లోక్‌సభ ధరావతును 500 నుంచి 10 వేలకు, ఎస్సీ ఎస్టీలకు 250 నుంచి 5 వేలకు పెంచిన్రు. ఆ నవ్వును 20 రెట్లు పిరం చేసిన్రు. చిరునవ్వు మీద ఎవరూ పన్ను వెయ్యరు. ఏ నవ్వు మీద పన్ను పడ్డదో చూస్తె దాని విలువ తెలుస్తది.

శివన్నగూడెం అంశాల స్వామిని కూడ ఇక్కడ తలుసుకోవాలె. ఫ్లోరోసిస్‌తోని ఎదగని, వంగిపోయిన పెయ్యి ఆయనది. 2003ల ఆయనను ఢిల్లీకి తీసుకపొయ్యి ప్రధాని వాజపేయి ముంగట బల్ల మీద పండబెట్టిన్రు. పత్రికల భాషల ఆయన ‘బాధితుడు’, తర్వాత కొన్నాళ్లకు ‘పోరాట స్ఫూర్తి’. మేము ఆ బల్లను చూస్తం. వినతిపత్రం పెట్టే చోట మనిషిని పెట్టిన్రు. ఆ పెయ్యే రసీదు. తర్వాత కృష్ణ నీళ్లు వచ్చినయి, మిషన్ భగీరథ వచ్చింది. కొత్తగ పుట్టే పిల్లల బొక్కలు తిన్నగున్నయంటె అది అడిగినోళ్ల వల్లనే. స్వామి 2023 జనవరిల చనిపోయిండు. వంగిన బొక్కలు నీళ్లు మారితె తిన్నగ కావు. ఆ పద్దు ఎవరి ఖాతాల రాయాలో ఇంకా ఎవరూ చెప్పలేదు.

ఇంత చెప్పినంక ఒక మిత్రుడు అడిగిండు. మొగిలయ్య ఫోటో చూసి ఒక పిల్లగాడు ధైర్యం తెచ్చుకుంటె మీకేం నష్టం అని. నష్టం లేదు. తెచ్చుకోనియ్యున్రి. పరీక్ష తప్పిన పిల్లగాడు, మొగడు ఇడిసిన ఆడిబిడ్డ ఎవరి మొహం చూసి లేచి నిలబడ్డా మాకు సంతోషమే. నడుమ పడ్డోనికి ఊతకర్ర ఎక్కడిదని అడగొద్దు. కాని ఆ పిల్లగానికి ధైర్యం ఇచ్చిన మనిషి తనకు రావాల్సింది అడిగితె ‘ఇంత మంచి మనిషి, పైసలు అడుగుతడా’ అని మొహం మాడ్చుకునేటోళ్లు ఎంతమంది? స్ఫూర్తి కథకు ఉన్న అసలు షరతు ఇది. నవ్వాలె, అడగొద్దు. కిన్నెరకు ఉన్న షరతు దానికి ఉల్టా. అడగాలె, అడిగేటందుకే నవ్వాలె. పాలమూరుకే చెందిన, దామరగిద్ద బుర్రవీణ కళాకారుడు దాసరి కొండప్పకు 2024ల పద్మశ్రీ వచ్చింది. ఆ ఫోటోల కింద కూడ అవే రాతలు వచ్చినయి. పతకం మారుతది, మనిషి మారుతడు, ‘అయినా’ మాత్రం మారదు.

ఇగ చివరిది, మా ఇంటి ముచ్చట. ఈ వ్యాసం రాస్తున్న మాల ఎక్కువమంది మాదిగ ఇండ్లల్ల పుట్టినోళ్లం. చిన్నప్పుడు డక్కలోళ్లు వస్తె వాడ బయట గుడారాలు ఏసుకునేటోళ్లు. మా అవ్వలు గింజలు పైనుంచి పోసేటోళ్లు, గిన్నె గిన్నెకు తాకకుండ. ఊరు మాకు ఏం చేసిందో అది మేము వాళ్లకు చేసినం, అది కూడ మా గోత్రం వాళ్ల నోట విని సంతోషపడ్డంక. దండోరా ఈ ఉపకులాల మాట ఎత్తింది, మంచిదే. 2024 ఆగస్టుల సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణల ఎస్సీ వర్గీకరణ అమలయ్యింది. డక్కలోళ్లున్న మొదటి గ్రూపుల 15 కులాలకు కలిపి 1 శాతం. ఆ ఒక్క శాతాన్ని అందుకునేటందుకు చదువుకున్న పిల్లలు ఆ గుడారాలల్ల ఎంతమంది ఉన్నరు? కులం కాయితం తెచ్చుకునేటందుకే ఎన్ని ఆఫీసులు తిరగాలె? మన ఉద్యమం ఈ రెండు ప్రశ్నలు ఇంకా గట్టిగ అడుగలేదు. పిల్లలు కిన్నెర ఎందుకు నేర్చుకుంటలేరని సెమినార్లల్ల బాధపడుడు మాత్రం నేర్చుకున్నం. కూడు పెట్టనిదాన్ని ఎందుకు నేర్చుకుంటరు?

పోయినేడు మేము ఒక సభ పెట్టినం. దళిత కళలు, ఆత్మగౌరవం అన్నది విషయం. ప్రారంభానికి ఒక కిన్నెర కళాకారుణ్ణి పిలిచినం. పది నిమిషాలు అన్నం, ఆయన ఇరవై పాడిండు, మేము గడియారాలు చూసుకున్నం. నడుమల మా అందరి పేర్లు తీసి పొగిడిండు, మేము చప్పట్లు కొట్టినం, అదేందో తెలవక. ఈ వ్యాసం రాసేటప్పుడు ఆ సభ లెక్కల కాయితం బయటికి తీసినం. మైకు, షామియానా, కరపత్రాలు, భోజనాలు, వక్తల రైలు కిరాయిలు అన్నిటి ముంగట అంకె ఉన్నది. కిన్నెర ముంగట అంకె లేదు, ‘శాలువా’ అని రాసి ఉన్నది. ఆ రాత మాదే.

ఆయన పొయ్యేటప్పుడు శాలువా మడిచి సంచిల పెట్టుకొని, నవ్వుకుంట, ‘మల్లొస్త బిడ్డా’ అన్నడు.